పద్నాలుగో నంబరు కుర్చీ

మా ఇద్దరికీ తేడా వచ్చింది ట్వీటరు దగ్గర.

స్పీకరు పెట్టెలో మామూలుగా రెండు స్పీకర్లుంటాయి. కింద ఉండే పెద్దది మృదంగాన్నీ మగ గొంతునీ పలుకుతుంది. పైన ఉండే చిన్నది తాళాల గలగలనీ, తీగ మీద గోరు తగిలిన సవ్వడినీ పలుకుతుంది. ఆ చిన్నదాన్నే ట్వీటరు అంటారు. కంటి డాక్టరు రంగనాయకులు గారి కోసం చేస్తున్న పెట్టెల్లో ఎప్పటిలాగే కాగితం ట్వీటరు చాలునని మా మాస్టారు అన్నారు. నేను మద్రాసు నుంచి తెప్పించిన, పట్టుబట్టతో చేసిన విదేశీ ట్వీటరు పెట్టాలని నేనన్నాను.

ఇంత చిన్న విషయానికి ఒక మనిషిని నొప్పించవచ్చని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా ఆగి ఉండేవాణ్ణి కాదేమో. ముప్ఫై రెండేళ్లు నాకు, కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరుని. తెలిసింది చెప్పకుండా ఉండటం ఆ వయసులో చేతకాదు.

మాస్టారి పేరు దేవసహాయం. గుంటూరు బ్రాడీపేటలో ఉండేవారు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చర్చిలో హార్మోనియం బాగుచెయ్యడంతో మొదలుపెట్టి, వాల్వు రేడియోల మీదుగా ఆంప్లిఫయర్లకీ, స్పీకరు పెట్టెలకీ వచ్చారు. నేను ఒకసారి పాడైపోయిన రేడియో పట్టుకుని ఆయన వసారాలోకి వెళ్లాను. రేడియో వారంలో బాగుపడింది. నేను మాత్రం ఎనిమిదేళ్లు అక్కడే ఉండిపోయాను.

ఆయన ఏదీ నోటితో చెప్పేవారు కాదు. సోల్డరింగు సరిగ్గా పెట్టకపోతే ఆ అతుకు ఊడదీసి, మళ్లీ నా చేతిలో పెట్టేవారు. ఒక అతుకుని అలా నాలుగుసార్లు పెట్టించారు. నాలుగోసారి ఎందుకు నచ్చిందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వసారాలో ఒక చెక్క కుర్చీ ఉండేది. మూతపడిన సినిమా హాలు సామాను అమ్ముతుంటే కొన్నారట. వీపు మీద ఎర్ర రంగుతో పద్నాలుగు అని అంకె. పద్నాలుగో నంబరు దొరికితే తెర నడిమికి ఉంటుందని, హాలు నడిచే రోజుల్లో దాని కోసమే ముందుగా వెళ్లేవాణ్ణని మాస్టారు ఒకసారి చెప్పారు. ఆయన తన గురించి చెప్పుకున్న కొద్ది సంగతుల్లో అదొకటి.

పెట్టె తయారయ్యాక నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టేవారు. రికార్డు పెట్టి, తాను పెట్టె వెనక్కి వెళ్లేవారు. అక్కడ ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని అటు తిప్పితే ట్వీటరు శబ్దం పెరుగుతుంది, ఇటు తిప్పితే తగ్గుతుంది. ఆయన చేత్తో స్క్రూ తిప్పుతూ, పెట్టె పక్కనుంచి తల బయటికి పెట్టి నా ముఖంలోకి చూసేవారు. పాట అయ్యేదాకా చూపు మరల్చేవారు కాదు. నేను శ్రద్ధగా వింటున్నానో లేదో పరీక్షిస్తున్నారనుకుని నిటారుగా కూర్చునేవాణ్ణి. కాసేపటికి "ఊఁ" అనేవారు. అంతే, ఆ పెట్టె పని పూర్తయినట్టు.

పని నేర్చుకున్న మొదటి రెండేళ్లు పోగా, అలా ఆరేళ్లలో పదకొండు జతల పెట్టెలు తయారయ్యాయి. దేవసహాయం గారి పెట్టెల్లో తాళం వెండిలా మోగుతుందని ఊళ్లో చెప్పుకునేవారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, ఓ కునుకు తీశాక మూడు గంటలకి మాస్టారి వసారాలో సభ మొదలయ్యేది. డాక్టరు గారు వచ్చేవారు. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే మొహిద్దీన్ గారు వచ్చేవారు. మాస్టారి భార్య కరుణమ్మ గారు పెద్ద గ్లాసుల్లో టీ ఇచ్చేవారు. వాల్వు మంచిదా ట్రాన్సిస్టరు మంచిదా, స్పీకరుకి వేసే తీగ ఎంత లావుండాలి, సూది ఎన్నాళ్లకి మార్చాలి, ఇవే మాటలు. తీగ లావు గురించి నేనూ డాక్టరు గారూ గంటసేపు వాదించుకున్న రోజున మొహిద్దీన్ గారు, "అయ్యా, మీరు వినడానికొచ్చింది పాటనా, తీగనా?" అని అడిగారు. మాస్టారు నవ్వారు. ఆయన వాదనల్లోకి దిగేవారు కాదు.

అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు ఎండాకాలం మాస్టారు ఒక ఆంప్లిఫయరు మీద పనిచేస్తున్నారు. దాంట్లోంచి సన్నని కూత వస్తోంది. వసారాలోకి అడుగుపెట్టగానే నా పళ్లు జివ్వుమన్నాయి. ఆయన మాత్రం తాపీగా సోల్డరింగు చేసుకుంటున్నారు. కూత వస్తోంది మాస్టారూ అన్నాను. "అవునా," అని స్విచ్ ఆపేశారు.

నాకు అనుమానం పట్టుకుంది. ట్వీటరు గొడవ వచ్చేసరికి ఆ అనుమానం నాకు ఆయుధమైంది. వినపడని మనిషికి కాగితమైతేనేం, పట్టయితేనేం అనుకున్నాను. ఆ మాట ఆయనతో విడిగా అని ఉండవచ్చు. కాలేజీ లాబ్ నుంచి ఆసిలేటరు తెచ్చి, ఆదివారం మూడు గంటలకి అందరి ముందూ పెట్టాను.

ఆసిలేటరు అంటే కావలసినంత సన్నని శబ్దాన్ని పుట్టించే యంత్రం. శబ్దాన్ని మెల్లగా ఇంకా ఇంకా సన్నం చేస్తూ పైకి తీసుకెళ్తాను, వినపడుతున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచండి, వినపడటం మానగానే దించండి అని చెప్పాను. ఏ ట్వీటరు కావాలో దీంతో తేలిపోతుందన్నాను. డాక్టరు గారు సరదాపడ్డారు. మాస్టారు నా వైపు ఒకసారి చూసి చెయ్యెత్తారు. వాళ్లతో పాటు నేనూ ఒక చెయ్యి ఎత్తి, రెండో చేత్తో మీట తిప్పాను.

సెకనుకి నాలుగు వేల సైకిల్స్. అయిదు వేలు. ఆరు వేలు దాటుతుండగా మాస్టారి చెయ్యి దిగింది.

ఆయన మా చేతుల్ని ఒక్కొక్కటే చూశారు.

"ఇంకా వస్తోందా, పానకాలూ?"

"వస్తోంది మాస్టారూ," అన్నాను.

ఆ మాటకి మొహిద్దీన్ గారు చెయ్యి దించేశారు. "నాకూ అయిపోయింది. ఇంకపై దోమలకి వినిపించుకో నాయనా," అన్నారు. ఆ వెంటనే డాక్టరు గారూ దించేశారు. వాళ్లిద్దరికీ ఆ శబ్దం ఇంకా వినపడుతూనే ఉందని తర్వాత చాలా ఏళ్లకి మొహిద్దీన్ గారే చెప్పారు. అప్పుడు మాత్రం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పదిహేను వేల దాకా తీసుకెళ్లాను. గాల్లో నా చెయ్యి ఒక్కటే ఉంది.

కరుణమ్మ గారు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వసారాలోకి రాలేదు.

"సరే," అన్నారు మాస్టారు. "అబ్బాయి చెప్పిందే పెడదాం డాక్టరు గారూ."

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. నాకిప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. మొన్న వానాకాలంలో, మన పెరట్లో కీచురాళ్లు ఎక్కడికి పోయాయి, ఈ మధ్య అసలు అరవడం లేదు అని మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ నా వంక చూసి, "ఎక్కడికీ పోలేదండీ. పొద్దుగూకితే చాలు, చెవులు హోరెత్తిస్తున్నాయి," అంది. పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. మొక్కలు తడిగా ఉన్నాయి. అంతా నిశ్శబ్దం. నాకు దేవసహాయం గారి చెయ్యి దిగడం కళ్లకి కట్టింది.

ఆ ఆదివారం అలా గడిచింది. మాస్టారు తన చేత్తోనే పట్టు ట్వీటర్లు బిగించారు. మంగళవారం సాయంత్రం కాలేజీ అవగానే సైకిలు మీద వెళ్లాను. ఎప్పటిలాగే నన్ను కూర్చోబెట్టి స్క్రూ తిప్పుతారు, ఈసారి ఆ వెండి తాళం ఇంకా బాగా మోగుతుంది అనుకుంటూ వెళ్లాను.

వెళ్లేసరికి పద్నాలుగో నంబరు కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు. రికార్డు సిద్ధంగా ఉంది. జేబులోంచి పసుపు పిడి ఉన్న చిన్న స్క్రూడ్రైవరు తీసి నాకిచ్చారు. ఆ స్క్రూడ్రైవరు ఆయన ఎవరికీ ఇవ్వడం నేను చూడలేదు.

"ఇవాళ నువ్వు తిప్పు," అన్నారు.

గురువు నన్ను ఒప్పుకున్నారని నాకు గర్వంగా అనిపించింది. పాట పెట్టి పెట్టె వెనక్కి వెళ్లాను. కళ్లు మూసుకున్నాను. నా చెవులు చాలా మంచివి. స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ కదుపుతూ, గాయని ఊపిరి పీల్చడం కూడా వినపడేదాకా తెచ్చాను. తర్వాత రెండో పెట్టె. రికార్డు ఒకవైపు పూర్తిగా అయిపోయింది. ఎంత బాగా కుదిరిందో నాకు తెలుసు. స్క్రూ ఇక కదలకుండా దాని మీద ఎర్ర లక్క చుక్క పెట్టి, చెమట తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాను.

"అయిందా?"

"అయింది మాస్టారూ."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు. రికార్డు తిరుగుతూనే ఉంది. సూది చివరి గాడిలో టక్కు టక్కుమంటోంది.

"తిప్పినంతసేపూ ఒక్కసారైనా నా ముఖం చూశావా?"

చూడలేదని చెప్పాను.

"మరి ఎక్కడ ఆపాలో నీకెవరు చెప్పారు?"

కోపంగా అడగలేదు. లెక్కలో ఏ మెట్టు దగ్గర తప్పిందని పిల్లల్ని అడిగినట్టే అడిగారు. ఆరేళ్లు, పదకొండు జతలు, పెట్టె పక్కనుంచి బయటికి వచ్చే ఆ తల, నా ముఖం మీంచి కదలని ఆ కళ్లు. ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

స్క్రూడ్రైవరు తిరిగి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. లేచి, సూది ఎత్తి పక్కన పెట్టి, లోపలికి వెళ్లి దీపం వేశారు.

ఆ పాట సాగినంతసేపూ ఆ కుర్చీలో ఆయన ముఖం ఎలా ఉందో నాకిప్పటికీ తెలియదు.

డాక్టరు గారికి పెట్టెలు బాగా నచ్చాయి. ఆ తర్వాత పెట్టెలు కావాలనుకున్నవాళ్లు మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. మాస్టారి దగ్గరికి వెళ్లండని చెప్పి పంపేవాణ్ణి. వాళ్లు వెళ్లేవాళ్లు కాదు.

ఆ మంగళవారం తర్వాత వచ్చిన ఆదివారం మూడు గంటలకి నేనొక్కణ్ణే వెళ్లాను. వసారా తుడిచి ఉంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే వెళ్లి పద్నాలుగో నంబరు కుర్చీలో కూర్చున్నాను. నిటారుగా కూర్చోలేదు. మాస్టారు ఎదురుగా నిలబడి చాలాసేపు నన్ను చూశారు. పెట్టె వెనక్కి వెళ్తారని ఎదురుచూశాను.

ఆయన లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకున్నారు. పాట పెట్టలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారా అని అడిగారు.

ఉన్నారని చెప్పాను.