కండెలు చుట్టిన భద్రమ్మ

ఊ కొట్టేవాళ్లు ముందుకు రండి. కునికేవాళ్లు గోడవారకు జరగండి. ఇది మధ్యలో ఆపి మళ్లీ మొదటికొచ్చి చెప్పే కథ కాదు. మా అమ్మమ్మకు వాళ్ల అమ్మమ్మ చెప్పింది, నాకు మా అమ్మమ్మ చెప్పింది, మీకు నేను చెబుతున్నాను.

అనగనగా సాలిపేట అని ఒక పేట. ఎప్పటి మాట అని నన్నడగొద్దు, అప్పటికి నేనూ లేను, మీరూ లేరు. పేటంతా నేతపనివాళ్లే. ఇంటింటా నేలలో ఒక గుంట, ఆ గుంటలో మగ్గం. తెల్లారితే మొదలైన మగ్గాల చప్పుడు పొద్దుగూకేదాకా ఆగేది కాదు. మగ్గం మీద కూచునేది మగవాడు. నూలుకు గంజి పెట్టేది ఇల్లాలు. మరి కండెలు చుట్టేదెవరు? ఆడపిల్ల.

కండె అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి కదా. చిటికెన వేలంత పుల్ల. రాట్నం తిప్పి దాని మీద నూలు చుడితే, నేసేవాడు దాన్ని నాడెలో పెట్టుకుని పడుగు నిలువు పోగుల మధ్యలోంచి అటూ ఇటూ విసురుతాడు. కండె అయిపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. అందుకని ఐదేళ్లు నిండిన ప్రతి ఆడపిల్లా రాట్నం ముందు కూచునేది. పెళ్లయ్యేదాకా లేచేది కాదు. పెళ్లయి వెళ్లిన ఇంట్లోనూ రాట్నం కాచుకునే ఉండేది.

అలాంటి పేటకు ఒకనాడు కామాక్షమ్మ అని ఒక పంతులమ్మ వచ్చింది. ఆవిణ్ణి సర్కారు పంపలేదు. దొరలు పంపలేదు. జమీందారు పంపలేదు. "ఎవరు పంపారమ్మా నిన్ను?" అని అడిగితే, "నేనే వచ్చాను. ఆడపిల్లలకు బడి పెడతాను. పొద్దున వచ్చి, దీపాలు పెట్టేలోపు ఇంటికి వెళ్లిపోవచ్చు" అంది.

పేటకు కులపెద్ద సోమలింగం. చూపు మందగించి చాలా ఏళ్లుగా మగ్గం దిగి, అరుగు మీదే కూచునే మనిషి. పేటలో వాడకం లేని రంగుల కొట్టం ఒకటుంది. పంతులమ్మ దాన్నే అడిగింది. సోమలింగం ఒక షరతు పెట్టాడు.

"కార్తీక పున్నమి దాకా ఉంచుకోమ్మా. ఆ రోజు నేనొచ్చి చూస్తాను. ఇరవైమంది ఆడపిల్లలు కూచుని ఉంటే కొట్టం ఎప్పటికీ బడిదే. లేకపోతే మా నూలు బేళ్లు వానకు తడుస్తున్నాయి, అవి అందులో పడేస్తాం. మాట మాటే."

పంతులమ్మ కొట్టం కడిగించింది. చాపలు పరిచింది. గంట కట్టింది. మొదటి రోజు గంట కొట్టింది, ఎవరూ రాలేదు. రెండో రోజు కొట్టింది, ఎవరూ రాలేదు. మూడో రోజు కొట్టింది. చీపురు పట్టుకుని భద్రమ్మ వచ్చింది.

భద్రమ్మ ఎవరంటారా? చెప్పుకోడానికేమీ లేని మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కొట్టం వెనక ఒక పాకలో ఉండేది. పిల్లకు జబ్బు చేసిన ఇంటికో, బాలింత ఉన్న ఇంటికో వెళ్లి కండెలు చుట్టి, వాళ్లు పెట్టింది తినేది. నూలు పోగును వేళ్ల మధ్య పట్టి, చూడకుండానే అది సన్నమో ముతకో చెప్పేది. అంతకుమించి ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు. తెలుసుకోవాలనీ ఎవరికీ అనిపించలేదు.

"పంతులమ్మా, గంటకు గుళ్లో దేవుడు లేస్తాడేమోగాని మా పేట పిల్లలు లేవరు. ఇంటికెళ్లి పిలవాలి" అంది భద్రమ్మ.

"ఎవరు పిలుస్తారు?"

"నేను పిలుస్తాను."

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. మొదటి ఇంటి ముందు నిలబడి, "అమ్మాయ్, నీ కూతుర్ని బడికి పంపు" అంది. "బాగానే ఉంది అత్తా. మరి కండెలు ఎవరు చుడతారు?" అంది ఆ ఇల్లాలు. రెండో ఇంటికి వెళ్లింది. "కండెలు ఎవరు చుడతారు?" మూడో ఇంటికి వెళ్లింది. అక్కడా అదే మాట. "కండెలు ఎవరు చుడతారు?"

మూడో ఇంటి గుమ్మంలోంచి భద్రమ్మ నాలుగో ఇంటికి పోలేదు.

"నేను చుడతాను" అంది.

అని కొంగు బిగించి రాట్నం ముందు కూచుంది. ఆ ఇంటిపిల్ల లేచి బడికి పోయింది. తర్వాత వెనక్కి వచ్చి రెండో ఇంట్లో కూచుంది, మొదటి ఇంట్లో కూచుంది. ఆ రోజు బడిలో ముగ్గురు పిల్లలు.

అలా మొదలైంది. ముగ్గురు ఐదుగురయ్యారు. ఐదుగురు తొమ్మిదిమంది అయ్యారు. ఏ గుమ్మంలోనైనా అదే ప్రశ్న, "కండెలు ఎవరు చుడతారు?" ఏ గుమ్మంలోనైనా అదే జవాబు, "నేను చుడతాను." ఇంటింటికీ తిరిగితే పొద్దు చాలక, నూలంతా బుట్టలో వేసుకుని పాకకు తెచ్చుకునేది. ఏ ఇంటి నూలు ఆ ఇంటి గుడ్డలో మూట కట్టేది. కోడి కూయకముందే కూచునేది. అన్నం తినడానికి లేస్తే పొద్దు పోతుందని మజ్జిగ తాగి ఊరుకునేది. అరుగు మీద సోమలింగం ఆమె బుట్ట మోసుకుని పోతుంటే వినేవాడు, వస్తుంటే వినేవాడు. ఏమీ అనేవాడు కాదు.

ఒకరోజు పంతులమ్మ పాకలోకి వచ్చి, పక్కన కూచుంది.

"ఎందుకు భద్రమ్మా నీకింత పాటు? వీళ్లెవరూ నీ పిల్లలు కాదు కదా."

"గోడ అవతల పిల్లలు చదువుతుంటే ఇక్కడికి వినిపిస్తుంది తల్లీ. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా వింటుంటే, చిన్నప్పుడు నేను కూచోవలసిన చోట ఎవరో కూచున్నట్టుంటుంది" అంది భద్రమ్మ, రాట్నం ఆపకుండానే.

పంతులమ్మకు మనసు ఆగలేదు. ఆమె చేతిలోంచి నూలు తీసి, బలపం పెట్టింది. భద్రమ్మ పలక మీద వంగింది. యాభై ఏళ్లుగా తిప్పి తిప్పి ఆ వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. నిలువు గీత గీయమంటే చెయ్యి గుండ్రంగానే తిరిగింది. అడ్డగీత గీయమంటే గుండ్రంగానే తిరిగింది. పలక నిండా సున్నాలే. పంతులమ్మ కళ్లొత్తుకుంది. భద్రమ్మ నవ్వింది.

"పోనీలే తల్లీ, సున్నా వచ్చింది కదా. మిగతావి పిల్లలు రాస్తారు."

కార్తీకం వచ్చింది. పున్నమికి ఇంకా పది రోజులు. బడిలో పద్దెనిమిదిమంది. ఇంకో ఇద్దరే కావాలి. భద్రమ్మకు పట్టరాని సంతోషం. ఆ సంతోషంలోనే పొరపాటు జరిగింది.

ఏటా ఆ నెలలో పేటవాళ్లు చౌడమ్మ తల్లికి చీర నేస్తారు. ఆ ఏడు వంతు సోమలింగం ఇంటిది, కొడుకు నేస్తున్నాడు. దానికి వాడేది మేలైన సన్న నూలు, అదీ భద్రమ్మ బుట్టలోకే వచ్చింది. అదే బుట్టలో మరో ఇంటివాళ్ల ముతక నూలు కూడా ఉంది. మూటలు విప్పిన భద్రమ్మకు కళ్లు తిరిగాయి. నాలుగు రోజులుగా సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు. పోగును ఎప్పటిలాగే వేళ్ల మధ్య పట్టి చూసింది. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. అవి ఆమెకేమీ చెప్పలేదు. సన్న నూలు అనుకుని ముతక నూలు చుట్టింది.

ఇంటి మసకలో నేసేవాడికీ తేడా తెలియలేదు. చీర మగ్గం మీంచి దించి ఎండలో పట్టేసరికి నడిమధ్యన వేలెడు వెడల్పున ముతక పట్టీ కనిపించింది. అమ్మవారి చీర. కట్టడానికి లేదు, కోయడానికి లేదు. పేటంతా చావడి దగ్గర చేరింది. అమ్మవారికి కోపం వస్తుందని అందరికీ భయం.

"ఈ కండెలు ఎవరు చుట్టారు?" అని అడిగాడు సోమలింగం.

"నేను చుట్టాను" అంది భద్రమ్మ.

"ఒళ్లు బాగాలేదనో, చీకటనో ఏదన్నా చెప్పుకుంటావా?"

"ఏమీ లేదు పెద్దయ్యా. నేనే చుట్టాను."

సోమలింగం తల దించుకున్నాడు. "నీకు శిక్ష వెయ్యను. కానీ అమ్మవారి పని చెడింది. ఇక పేటలో ఎవరూ భద్రమ్మ చేతికి నూలు ఇవ్వకూడదు" అన్నాడు.

చిన్న మాటే. కానీ ఆ మాటతో పద్దెనిమిదిమంది పిల్లలూ మళ్లీ రాట్నాల ముందుకు వెళ్లిపోయారు. మర్నాడు పంతులమ్మ గంట కొడితే వినడానికి ఎవరూ లేరు.

భద్రమ్మ ఊరుకుందా? ఊరుకోలేదు. మొదటి రోజు పిలవడానికి వెళ్లింది. "అత్తా, కండెలు ఎవరు చుడతారు?" జవాబు లేదు. రెండో రోజు వెళ్లింది. "కండెలు ఎవరు చుడతారు?" జవాబు లేదు. మూడో రోజు వెళ్లేసరికి అడగడానికి కూడా మనసు రాక, ఒక ఇల్లాలు గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "నిన్ను చూస్తే నాకు బాధగా ఉంది అత్తా. వెళ్లిపో" అంది.

తిరిగి వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. పంతులమ్మ చాప వేసి పడుకోబెట్టింది. మర్నాడూ జ్వరం దిగలేదు. పున్నమి నాడు ఇంకా తెలవారకముందే భద్రమ్మ లేచి కూచోబోయింది.

"ఎక్కడికి భద్రమ్మా?"

"పిలవాలి కదా తల్లీ. ఇవాళే పున్నమి."

"పడుకో. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు."

"చేశాను. చేసిందంతా నా చేతులతోనే పాడుచేశాను." ఆమె కంట్లోంచి నీళ్లు కారాయి. "వేళ్లు మోసం చేశాయి తల్లీ. ఇంకో ఇద్దరే తక్కువ."

అదే ఆఖరి మాట. ఎండ పడకముందే భద్రమ్మ పోయింది. పంతులమ్మ ఆ వంకర వేళ్లను తన చేతుల్లోకి తీసుకుంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. సాలిపేటలో ఒక ఆచారం ఉంది. పేట మనిషి ఎవరు పోయినా, శవం కదిలి స్నానాలయ్యేదాకా ఒక్క మగ్గం ఆడకూడదు. ఉన్నవాడైనా అంతే, లేనివాడైనా అంతే. కబురు వెళ్లింది. "నూలు ఇవ్వొద్దన్న మనిషికి కూడా ఆపాలా?" అని ఎవరో అడిగారు. "ఆవిడ మన పేట మనిషి. ఆపండి" అన్నాడు సోమలింగం.

ఒక మగ్గం ఆగింది. పక్క మగ్గం ఆగింది. పేటంతా ఆగింది. మగ్గాలు ఆగితే కండెలు ఎందుకు? కండెలు అక్కర్లేకపోతే పిల్లలకు రాట్నం ముందు పనేముంది? ఎవరూ పిలవలేదు, ఎవరూ పంపలేదు. పిల్లలు లేచి భద్రమ్మ మామ్మను చూడ్డానికి వచ్చారు. బడికి వచ్చేవాళ్లు వచ్చారు, బడి ఎరగనివాళ్లు వాళ్ల చెయ్యి పట్టుకుని వచ్చారు. పాకలో ఆడవాళ్లు శవానికి నీళ్లు పోస్తున్నారు. పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తోచక పంతులమ్మ కొట్టంలో కూచోబెట్టింది. ఎవరి చాప మీద వాళ్లు కూచున్నారు. గుక్కపట్టి ఏడుస్తున్నవాళ్లు ఏడుస్తున్నారు, మిగతావాళ్లు కదలకుండా ఉన్నారు.

పాడె కట్టడానికి మగవాళ్లతో సోమలింగం వచ్చాడు. కొట్టం వాకిట్లో ఆగాడు. చూపు ఆనదు కాని పిల్లల ఏడుపు వినిపిస్తోంది.

"లోపల ఎవరున్నారు?"

"మేమే తాతా" అంది ఆయన మనవరాలు శంకరి. ఎనిమిదేళ్ల పిల్ల.

"ఎంతమంది?"

శంకరి లేచి, ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. ఆ లెక్క ఆ బడిలో నేర్చుకున్నదే. ఎక్కడా తడబడలేదు.

"ముప్పై నాలుగు తాతా."

వెనకనుంచి ఒక మగమనిషి అన్నాడు. "మామా, వీళ్లు చావుకొచ్చిన పిల్లలు. చదువుకొచ్చినవాళ్లు కాదు. ఈ లెక్క చెల్లదు."

"పున్నమి నాడు ఎంతమంది కూచుంటారని అడిగానుగాని, ఎందుకు కూచుంటారని అడగలేదు. కొట్టం బడిదే. మాట మాటే" అన్నాడు సోమలింగం. అని పాడెకు తనూ ఒక భుజం పట్టాడు.

అయిపోయిందనుకుంటున్నారా? అవలేదు. కొట్టం దక్కింది, నిజమే. మరి మర్నాటి సంగతి? తెల్లారితే మగ్గాలు ఆడతాయి. మగ్గాలు ఆడితే కండెలు కావాలి.

తెల్లారింది. పిలిచే మనిషి లేదు కనుక పంతులమ్మే వీధిలోకి వచ్చింది. మొదటి ఇల్లు సోమలింగానిది. ఆయన అరుగు మీద కూచుని ఉన్నాడు. కోడలు గుమ్మంలోకి వచ్చింది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"పంపాలనే ఉంది పంతులమ్మగారూ. కానీ కండెలు ఎవరు చుడతారు?"

పంతులమ్మ పుట్టి బుద్ధెరిగి రాట్నం ముట్టుకోలేదు.

"నేను చుడతాను" అన్నాడు సోమలింగం.

కోడలు బిత్తరపోయింది. "మీరేమిటి మామయ్యా, అది ఆడపిల్లల పని. పేటంతా నవ్వుతుంది."

"నవ్వనీ. కళ్లు పోయాయిగాని చేతులున్నాయి. ఆ మనిషి అన్ని ఇళ్ల నూలూ నెత్తిన పెట్టుకుని నా ముందునుంచే తిరిగింది. నేను ఇక్కడే ఊరికే కూచున్నాను. వద్దని చెప్పడానికి మాత్రం నోరొచ్చింది నాకు." ఆయన అరుగు మీద తడుముతూ చోటు చేశాడు. "రాట్నం అరుగు మీదకు తెచ్చి పెట్టమ్మా. శంకరిని పంపు."

మొదటిసారి తిప్పాడు, పోగు తెగింది. రెండోసారి తిప్పాడు, తెగింది. మూడోసారీ తెగింది. వీధిలో ఆగి చూస్తున్నవాళ్లెవరూ నవ్వలేదు. నాలుగోసారి పోగు నిలిచింది. ఆ వారం తిరిగేసరికి, మగ్గం దిగిన ముసలివాళ్లందరూ తమ తమ అరుగుల మీద రాట్నాలు వేసుకుని కూచున్నారు.

అదీ జరిగింది. ఆ బడి ఇప్పటికీ ఉంది. అది సర్కారుది కాదు, దొరలది కాదు, జమీందారుది కాదు. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే ఆడపిల్లల బడి. కొట్టం పోయి మేడ లేచింది. భద్రమ్మకు పటం లేదు, ఆమె మొహం ఎలా ఉండేదో చెప్పగలవాళ్లు లేరు. కానీ కార్తీక పున్నమి నాడు సాలిపేటలో మగ్గం ఆడదు. మిగతా రోజుల్లో, బడి గంట కొట్టినప్పటినుంచి పిల్లలు ఇల్లు చేరేదాకా ఏ ఆడపిల్లా రాట్నం ముట్టుకోదు. ఆ పొద్దును వాళ్లు భద్రమ్మ పూట అంటారు.

మీరెప్పుడన్నా ఆ దారిన వెళితే అరుగు మీద ఒక తాత కండెలు చుడుతూ కనిపిస్తాడు. "ఏం తాతా, ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అని అడిగి చూడండి. ఆయన తల కూడా ఎత్తడు.

"ఇది భద్రమ్మ పూట నాయనా" అంటాడు. ఆ మాట దారినపోయే సాలిపేట మనిషి చెవిన పడితే, అతను చెప్పులు విప్పి అరుగెక్కి, పక్కన కూచుని నూలు అందిస్తాడు.