పిడుదక్క ఉమ్మి

పశువుల ఒంటికి అతుక్కునే ఈ పిడుదు పురుగు ఉందే, ఒకప్పుడు అది నెత్తురు తాగేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. గడ్డిపోచ చివర కూర్చుని, పొద్దున్నే ఒక మంచుబొట్టు తాగి, కడుపు నిండిందని ఎనిమిది కాళ్లూ చాపుకునేది.

అప్పట్లో నల్లమల అడవికంతా అదే వైద్యురాలు. దాని ఉమ్మే మందు. ఎవరికి ముల్లు దిగినా వచ్చి అక్కడ కాస్త ఉమ్మి రాసేది. అంతే, నొప్పి మాయం. కుందేలు నుంచి దుప్పి దాకా అందరికీ అది పిడుదక్కే.

ఆ అడవి అంచున ఓబులమ్మ ఆవుల్ని మేపుకునేది. ఆమె మందలో బొల్లి అని ఒక ఆవు. ఆ ఆవుకి వారం రోజుల దూడ. అప్పుడు ఆవులకూ మాటలొచ్చు కాబట్టి ఓబులమ్మకు ఒక అలవాటు ఉండేది. మంద ఇంటికి రాగానే ఒక్కోదాన్నీ "యాడన్నా నొప్పా తల్లీ?" అని అడిగేది. నొప్పి అన్నచోట మందు పెట్టేది. ఏమీ లేదంటే "సరే, పోయి పడుకో" అనేది.

ఒక ఏడు మంచు కురవలేదు. గడ్డి ఎండింది. పిడుదక్క ఈడ్చుకుంటూ బొల్లి దగ్గరికి వచ్చింది.

"బొల్లమ్మా, నాలుక పిడచకట్టింది. నీ నెత్తురు ఒక్క చుక్క ఇస్తావా?"

"నా కాల్లో ముల్లు దిగిననాడు కాపాడింది నువ్వే గదక్కా! తాగు. ఒక్క చుక్కే గదా?"

"ఒక్క చుక్కే. నీ మీద ఒట్టు."

పిడుదక్క బొల్లి మెడ కింద వేలాడే గంగడోలు మడతలోకి ఎక్కింది. స్నేహితురాలికి నొప్పి పుట్టకూడదని ముందు ఉమ్మి రాసింది. చర్మం హాయిగా నిద్రపోయింది. తర్వాత కొరికింది. నెత్తురు బయటికొచ్చి, తన అలవాటు ప్రకారం గడ్డకట్టి గాయం మూయబోయింది.

"ఉండు తల్లీ, అప్పుడే గడ్డకట్టకు" అంది ఉమ్మి. నెత్తురు మాట విన్నది.

చుక్క అయిపోయింది. కానీ చూశారా, నొప్పి పుట్టకూడదని ఎప్పటికంటే ఎక్కువ ఊరించిన ఆ ఉమ్మి పిడుదక్క నోట్లోనూ ఉందాయె! దాని నోరూ మొద్దుబారింది, కడుపూ మొద్దుబారింది. తాగింది చుక్కో, కుండో దానికే తెలియలేదు. తాగుతూనే ఉంది.

ఇటు ఉమ్మి నెత్తుటితో కలిసి లోపలికి పోయింది. ఎదురుగా కార్జం. "ఎవరు నువ్వు?" అని అడిగింది.

"నేను మందుని. పిడుదక్క పంపింది."

మందే కదా అని కార్జం దారిచ్చింది. ఆ రోజు నుంచి దానికి ఒకటే నీరసం. పాత నెత్తుటిని వడగట్టే ప్లీహం కూడా దారిచ్చింది, పాపం వాచిపోయింది. గుండె పరుగెత్తి పరుగెత్తి అలిసింది. కాళ్లు వణికాయి. అన్నీ ఇబ్బంది పడుతున్నాయి గానీ ఒక్కటీ నొప్పి అనలేదు. నొప్పి అనే కబురునే ఉమ్మి నిద్రపుచ్చింది మరి.

"యాడ నొప్పి తల్లీ?" అని ఓబులమ్మ రోజూ అడిగింది.

"యాడా లేదమ్మా" అని బొల్లి రోజూ చెప్పింది. అబద్ధం కాదు, దానికి నిజంగానే తెలియదు. ఓబులమ్మ కూడా "సరే, పోయి పడుకో" అంది.

ఆరో నాడు బొల్లి లేవలేకపోయింది. దూడ పొదుగును కుమ్మి కుమ్మి అరిచింది. పొదుగులో చుక్క లేదు.

"అమ్మా, నేను పోతే నా బిడ్డకు ఎవరు పాలిస్తారు?" అంది బొల్లి.

ఓబులమ్మ ఏడుస్తూ బొల్లి మెడను రెండు చేతులా వాటేసుకుంది. అప్పుడు తగిలింది వేళ్లకు, గంగడోలు మడతలో, ఆముదపు గింజంత గుండ్రంగా!

ఊడబెరికింది. చూస్తే పిడుదక్క.

"ఒక్క చుక్క అన్నావు గదక్కా..." అంది బొల్లి. కోప్పడలేదు, అంతే అంది.

పిడుదక్క తన పొట్ట చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది. "నాకు తెలియలేదు బొల్లమ్మా" అంటూ గడ్డిలోకి పాకిపోయింది. వైద్యం అన్న మాట మళ్లీ ఎత్తలేదు. నెత్తురు రుచి మాత్రం మరవలేకపోయింది.

ఓబులమ్మ గాటు మీద పసుపు అద్ది, నెత్తురు ఆగేదాకా బొటనవేలు తీయలేదు. తర్వాత చెవుల వెనక, తోక కింద, పొదుగు పక్కన అంతా తడిమి చూసింది. నాలుగో రోజుకి బొల్లి లేచి నిలబడింది. ఎనిమిదో రోజుకి దూడ మూతి నిండా నురగ.

"నన్ను అడగొద్దమ్మా ఇంక. నా ఒళ్లు నాకే చెప్పడం లేదు. నువ్వే తడిమి చూడు" అంది బొల్లి.

అప్పటినుంచే పిడుదు కుట్టినా నొప్పి తెలియదు. పిడుదుకీ తన కడుపు నిండిన సంగతి తెలియదు, పొట్ట ఉబ్బి రాలిపడేదాకా తాగుతూనే ఉంటుంది. అప్పటినుంచే ఆవు గంగడోలు మీద మీరు చెయ్యి వేస్తే అది మెడ చాచి, కళ్లు అరమూసి, కదలకుండా నిలబడుతుంది. ఊరికే నిమిరి వచ్చేయకండి. వేళ్లు మడతల్లోకి పోనిచ్చి, ఓపిగ్గా చూడండి.