నూకాలు చూపించిన ఆకు

దుప్పటి కప్పుకో. కాళ్ళు కూడా లోపల పెట్టు. మంచినీళ్ళు కావాలంటే ఇప్పుడే తాగెయ్, కథ మధ్యలో లేవను. సాయంత్రం తేగ చీల్చి, మధ్యలోది తీసి పారేశావు చూడు. నువ్వు పారేసినదాని కథే ఇవాళ.

అనగనగా సముద్రం పక్కన, మట్టి కంటే ఇసకే ఎక్కువున్న ఒక ఊళ్ళో నూకాలని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. తుఫానుకి పాక కూడా పోయింది. కూర్చుని ఏడిచే మనిషి కాదు. తిన్నగా ఊరిపెద్ద దాలినాయుడి దగ్గరికి వెళ్ళి, ఉండడానికింత చోటివ్వమంది.

అప్పుడు దాలినాయుడు ఊరి చివర ఇసకపర్ర చూపించి పాక వేసుకోమన్నాడు. కానీ ఆ ఊరికో కట్టుబాటు ఉంది. ఊరి నేల తీసుకున్నవాళ్ళు అందులో ఏదైనా పండించాలి. నూర్పులు ముగిసే రోజుకి, తాము నాటినదాని ఆకు ఊరిపెద్దకి చూపించాలి. చూపిస్తే ఆ నేల వాళ్ళదే. చూపించలేకపోతే పాక పీక్కుని పోవాలి.

ఆ పర్ర పక్కనే గవరయ్య కొబ్బరితోట. ఆ ఇసక కూడా తోటలో కలుపుకోవాలని ఆయనకి ఎప్పట్నుంచో ఆశ. నూకాలు ఎప్పుడు పోతుందా అని గట్టు మీద కూర్చుని చూసేవాడు.

నూకాలు మొదట ఉలవలు చల్లింది. గాలి వీచి ఇసక కప్పేసింది. ఆ తర్వాత గుమ్మడి పెట్టింది. గవరయ్య దూడలు వచ్చి మేసేశాయి. అడిగితే, దూడలకి నీ పొలం నా పొలం ఏం తెలుస్తుందన్నాడు.

అప్పుడు తాటిపళ్ళ కాలం వచ్చింది. ఊరంతా పళ్ళు కాల్చుకుని, పీచు చీకి, టెంకలు వీధిలో పారేసింది. నూకాలూ పిల్లలూ గంపలు పట్టుకుని ఆ టెంకలన్నీ ఏరారు. ఇల్లు లేనమ్మ చెత్త కూడబెడుతోందని అరుగుల మీదివాళ్ళు నవ్వుకున్నారు. నూకాలు వాళ్ళ అరుగుల కిందవి కూడా ఏరుకుపోయింది.

ఆ తర్వాత ఇసకని మోకాలెత్తు దిబ్బగా పోసింది. టెంకలోంచి మొలక కిందికి దిగితేనే తేగ, కింద గట్టినేల తగిలితే అది వంకరపోయి సన్నబడిపోతుంది, అందుకని. దిబ్బ మీద టెంకలు ఒకదాన్నొకటి ఆనించి పరిచింది. పైన మరికాస్త ఇసక చల్లింది. తాటాకులు కప్పి, రోజూ నీళ్ళు చిలకరించింది. దూడలు వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళయ్యాక గవరయ్య దాలినాయుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆకు కాదు కదా, మొలకైనా లేదు చూడండని వేలు పెట్టి చూపించాడు.

నూకాలు ఒక టెంక తీసి కత్తితో రెండు చెక్కలు చేసింది. లోపల తెల్లటి బుర్రగుంజు. అది దాలినాయుడి చేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. రుజువు బాగానే ఉంది, ఇంకోటి చూపించమన్నాడు. ఆ తర్వాత ఇంకోటి. గవరయ్య తనకింకా నమ్మకం కుదరలేదని చెప్పి, కుదిరేదాకా తిన్నాడు. వాళ్ళు లేచేసరికి దిబ్బ ఒక పక్కంతా ఖాళీ. పగలగొట్టిన టెంకకి తేగ రాదు మరి.

దాలినాయుడు మూతి తుడుచుకుని అన్నాడు. "రుచి ఉంది నూకాలూ. ఆకు లేదు. కట్టుబాటు ఆకుకే."

రెండోసారి వచ్చింది వాళ్ళిద్దరే కాదు. రుజువు తియ్యగా ఉంటుందని ఊళ్ళో పాకింది, సగం ఊరు వెంట వచ్చింది. నూకాలు దూరాన్నించే చూసి, వెళ్ళి దిబ్బ మీద కూర్చుంది. కత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరెన్ని అడిగినా లేవలేదు. ఇవాళ పగలగొడితే ఒక్క పూట నోరు తీపవుతుంది, ఆగితే ఊరంతటికీ కడుపు నిండుతుందని చెప్పింది.

దాలినాయుడికి కోపం వచ్చింది. వచ్చింది కోపమో ఆకలో ఆయనకే తెలియదు. ఆకు చూపించకపోతే నూర్పులు ముగిసిన సాయంత్రానికి పాక ఉండదని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు పెద్దపిల్ల పోలమ్మ తల్లిని అడిగింది, అసలు ఆకెప్పుడొస్తుందని. నూకాలు దాచలేదు. ఆకు ఇసక పైకి రావాలంటే ఎండలు ముదరాలి. అప్పటికి నేలెలాగూ చెయ్యి జారిపోతుంది. ఆకు వచ్చిందంటే తేగ కూడా తినడానికి పనికిరాదు, అంతా పీచే. తేగ తవ్వుకుంటే ఆకు రాదు. ఆకు కోసం ఆగితే తేగ దక్కదు.

ఆ మాట చెబుతూ చెబుతూ నూకాలు ఆగింది. పైకొచ్చే ఆకు అంతకుముందు ఎక్కడుంటుంది? ఆలోచించింది. నవ్వింది. పోలమ్మ చెవిలో ఏదో చెప్పింది. నీకిప్పుడే చెప్పను, అలా చూడకు.

ఆ తర్వాత నూర్పులు ముగిసే రోజు వచ్చింది. పొద్దున్నే నూకాలూ పిల్లలూ దిబ్బ తవ్వడం మొదలుపెట్టారు. గవరయ్య గట్టు మీంచి చూశాడు. ఖాళీ చేసి పోతోందనుకున్నాడు. పరుగెత్తుకెళ్ళి బండి మీద కొబ్బరి మొక్కలేసుకొచ్చాడు. గునపం కూడా తెచ్చుకున్నాడు.

దిబ్బలోంచి తేగలొచ్చాయి. మూరెడేసి, బొటనవేలంత లావు, తిన్నగా. గంపలు నిండాయి. పాకలో ఒక మూల నిండింది. అప్పుడు నూకాలు కుండలో తేగలు నిలువుగా కూరి, కుండ బోర్లించి, చుట్టూ ఎండుతాటాకులు పేర్చి నిప్పు పెట్టింది. దాన్నే తంపటి అంటారు.

ఆ వాసన కళ్ళాల దాకా వెళ్ళింది. నూర్పుల వాళ్ళు చేతిలో చేటలు అలాగే పట్టుకుని వచ్చేశారు. ఆ వెనకాల దాలినాయుడు, తాను వాసనకి రాలేదని చెప్పుకుంటూ.

గవరయ్య అందరి ముందూ నిలబడ్డాడు. "ఏటి నూకాలూ, పంట తవ్వేశావు. ఇంక ఆకెక్కణ్ణించి తెస్తావు?"

నూకాలు కుండ ఎత్తి, వేడి వేడి తేగ ఒకటి తీసింది. పైపొర ఒలిచింది. కొసన గోరు పెట్టి నిలువునా రెండు బద్దలుగా చీల్చింది. మధ్యలో సన్నగా, పొడుగ్గా, మడతలు మడతలుగా నిద్రపోతున్నట్టు ఒకటుంది. దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసి దాలినాయుడి అరచేతిలో పెట్టింది.

"ఇదే బాబూ ఆకు. నా చేత్తో నాటిన టెంకది."

దాలినాయుడు దాన్ని వెలుగుకి పట్టి చూశాడు. మడత మెల్లిగా విప్పాడు. ఈనెలున్నాయి. తాటాకులాగే ఉంది, చంటిపిల్ల చెయ్యంత.

గవరయ్య ఒప్పుకోలేదు. ఆకంటే పచ్చగా ఉండాలి కదా, ఇది పాలిపోయి ఉందేమిటన్నాడు.

"ఎండ చూడని ఆకు మావా. నువ్వు కూడా కొన్నాళ్ళు ఇసకలో పడుకుని చూడు, ఎలా తేల్తావో" అంది నూకాలు.

ఊరు ఊరంతా నవ్వింది. ఈసారి నవ్వింది నూకాలుని చూసి కాదు, గవరయ్యని చూసి. అప్పుడు దాలినాయుడు ఆ ఆకుని తలపాగాలో దోపుకుని, పర్ర నూకాలుదేనని ప్రకటించాడు. ఆ తర్వాత నేల మీద చతికిలబడి చెయ్యి చాపాడు.

అందరూ తిన్నారు. రెండు తేగలు తింటే పూట గడిచిపోతుంది, అంత నిండుగా ఉంటుంది. నమిలి తినాలి, మింగితే దిగదు. ఆ పీచే కడుపుకి మంచిది. మొన్న నీకు రెండ్రోజులు కడుపు కదలకపోతే నేను ఇదే పెట్టాను, గుర్తుందా? సరే, నవ్వకు.

మిగిలినవి నూకాలు మూడు రకాలు చేసింది. కొన్ని తంపటి వేసింది. కొన్ని ఉప్పూ పసుపూ వేసి ఉడకబెట్టింది. తక్కినవన్నీ ముక్కలు చేసి ఎండబెట్టి పిండి కొట్టింది. ఎండాకాలంలో గాదెలు అడుగంటినప్పుడు ఆ పిండితో జావ కాచి, రొట్టెలు చేసి, తన పిల్లలకే కాదు, గిన్నె పట్టుకుని వచ్చిన ప్రతి ఇంటికీ పోసింది. గవరయ్య ఇంటినుంచి కూడా గిన్నె వచ్చింది. నిండుగా పోసి పంపింది.

గవరయ్య ఆ రోజు తెచ్చిన మొక్కల్లో ఒకటి నూకాలు పాక ముందే పాతి వెళ్ళాడు. బండి బరువు తగ్గించుకోడానికన్నాడు. మరుసటి ఏడు తాటిపళ్ళ కాలంలో ఊళ్ళో వెతికినా వీధిలో ఒక్క టెంక కనబడలేదు. అందరి పెరట్లోనూ మోకాలెత్తు దిబ్బలు. దిబ్బ ఎలా పొయ్యాలో నూకాలు ఇంటింటికీ తిరిగి చెబుతుంటే, దాలినాయుడు వెనకాల గునపం మోసుకుని నడిచాడు.

ఆ మడత ఆకుకి పేరుంది, తెలుసా? చందమామ. ఒక ఇల్లు నిలబెట్టింది. రేపు చీల్చినప్పుడు పారెయ్యక ముందు ఒకసారి మడత విప్పి చూడు.

ఇంక కళ్ళు మూసుకో.

తేగేమో కుండకి,
పీచేమో మంటకి,
చందమామ నీ గుప్పిటికి,
నూకాలు తన పాకకి,
కథేమో కంచికి,
మనమేమో నిద్దరకి.