ఐదు రోజులే కదా

ఇల్లు కొన్న ఏడో నెలలో నాకొక చిక్కొచ్చి పడింది. కింది వాటాలో బాడుగకున్న ముసలాయన చావబోతున్నాడు.

చిక్కు అన్నానని నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. ఆ రోజుల్లో నేను దాన్ని అలాగే అనుకున్నాను. మనిషి పోతున్నాడని కాదు నా బాధ, ఎక్కడ పోతాడోనని.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. బట్టల అంగట్లో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు గుడ్డ కొలిచి కొలిచి విసిగిపోయాను. మా గురువు కంబగిరి సామి దగ్గర కూర్చుని తత్వాలు పాడుకోవాలని ఒకటే యావ. కొలువు మానేస్తే కడుపెట్లా నిండేది? అందుకని ఉన్న చేను అమ్మి, చాలనిదానికి బ్యాంకులో అప్పు చేసి, కింద రెండు, పైన రెండు, నాలుగు వాటాల ఇల్లొకటి కొన్నాను. పైన ఒక వాటాలో మేముంటాం, మిగిలిన మూడూ బాడుగకి. బాడుగలు సంసారాన్ని చూసుకుంటాయి, నేను మోక్షాన్ని చూసుకుంటానని నా ఏర్పాటు.

కంబగిరి సామికి గడ్డమూ లేదు, కాషాయమూ లేదు. మంచాలకు నవారు అల్లి బతికే మనిషి. అప్పటికే ఎనభై మూడేళ్ళు. ఇల్లు రిజిస్టరైన రోజు మిఠాయి పొట్లం పట్టుకుని పోయాను.

“ఎంతమంది ఉన్నారు ఆ ఇంట్లో?” అన్నాడు.

“నాలుగు వాటాలు సామీ.”

“వాటాలు సరే. మనుషులెంతమంది?”

నాకు తెలియదు. ఏ వాటాకి ఎంత బాడుగో, ఏ గదికి ఎన్ని కిటికీలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మనుషుల్ని మాత్రం లెక్కపెట్టలేదు. సామి మిఠాయి ముక్క నోట్లో వేసుకుని మళ్ళీ నవారు పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో నాకింకో పిచ్చి ఉండేది. “ఈ ఒళ్ళు బాడుగ కొంప, ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే” అని కనబడిన ప్రతివాడికీ చెప్పడం. మా ఇంట్లో బాడుగకున్నోళ్ళకి కూడా చెప్పేవాణ్ణి. పాపం వాళ్ళు బిత్తరపోయి చూసేవాళ్ళు, నిజంగానే ఖాళీ చెయ్యమంటున్నానేమోనని.

కింద ఎడమవైపు వాటాలో ఉండేవాడు కుళ్ళాయప్ప. అంగళ్ళకు బోర్డులు రాసే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండు గదుల్లోనే కాపురం. ఓనర్లు మారారు గానీ ఆయన మారలేదు. నేను మూడో ఓనరుని. భార్య సుంకులమ్మ, పిల్లల్లేరు. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు పంపించేశారు. ఇంటికి అంటే నా ఇంటికే కదా.

ఒకరోజు తెల్లవారగానే పక్క వాటా ఆయన మెట్లెక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఓబులేసన్నా, రేపు పొద్దున్నుంచి ధనిష్ఠ పంచకం. ఐదు రోజులుంటాది. ఆ పెద్దాయన ఈ ఐదు రోజుల్లో పోయినాడంటే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాల. మేమైతే ఉండం. పిల్లలున్నోళ్ళం.”

మా దిక్కున ఇది పెద్ద పట్టింపు. ఆ నక్షత్రాల్లో చావొస్తే ఇంటికి కీడు, తాళం వేసి ఆరు నెలలు దీపం కూడా పెట్టకూడదంటారు. పరుగున పోయి పంతులుగారిని అడిగాను. ఒకటే కప్పు, ఒకటే మెట్లు కాబట్టి నాలుగు వాటాలూ మూయాల్సిందే అన్నాడాయన. మూడు బాడుగలూ ఆగిపోతాయి, మేం కూడా ఎక్కడో తలదాచుకోవాలి. బ్యాంకువాళ్ళకు పంచకాల పట్టింపు ఉండదు కదా. మళ్ళీ పోయి అంగట్లో గుడ్డ కొలుచుకోవడమే.

నా భార్య రామతులసి అంతా విని, “వద్దులే, ఏమైతే అదవుతుంది” అంది. నేను వినలేదు. ఆమె మాట విని ఉంటే ఈ కథే లేదు.

తొమ్మిదింటికి కిందికి దిగాను. కుళ్ళాయప్ప కిటికీ పక్కన మంచం మీద పడుకుని సందులోకి చూస్తున్నాడు. సుంకులమ్మ కాళ్ళు పిసుకుతూ ఉంది.

“అమ్మా, ఐదు రోజులే కదా,” అన్నాను. “పెద్దాసుపత్రిలో పెట్టుకోండి. ఐదు రోజులైనాక మళ్ళీ తెచ్చుకోండి. ఆటో నేను మాట్లాడతాను.”

ఎంత మర్యాదగా అన్నానో! అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

“ఆసుపత్రోళ్ళే పంపించినారు కద నాయనా,” అందామె. “ఆయనేమో ఇంట్లోనే పోవాలంటాండాడు.”

“నాకు మాత్రం ఇష్టమా అమ్మా? పక్కనోళ్ళు ఒప్పుకోవడంలా.”

“ఇల్లు నీది కద నాయనా.”

సుంకులమ్మ లేచి రెండు చీరలు, ఒక గ్లాసు సంచిలో పెట్టుకుంది. ఆటోవాడూ నేనూ చెరోపక్కా పట్టుకుని కుళ్ళాయప్పను లేపాం. గడప దాటేటప్పుడు ఆయన నా చొక్కా పట్టుకున్నాడు.

“ఓబులేసూ, మళ్ళా తెస్తావు కదా.”

తెస్తానన్నాను.

ఆటో పోయింది. నా కాళ్ళు ఇంట్లో నిలవలేదు. తిన్నగా సామి దగ్గరికి పోయాను. తప్పు చెయ్యలేదని ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. సామి అరుగు మీద మంచం పెట్టుకుని అల్లుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. పంచకం సంగతి, పక్కవాళ్ళ సంగతి, బ్యాంకు సంగతి, పంతులుగారి మాట, ఇందులో నా తప్పేమీ లేదన్నట్టు అన్నీ చెప్పాను.

“ఎవరు ఎత్తి ఆటోలో పెట్టినారు?” అన్నాడు సామి.

“నేనూ, ఆటోవాడూ.”

“బరువున్నాడా?”

“లేడు సామీ. ఏమీ లేడు.”

“సరే. పోయి అన్నం తిను.”

తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పేనని నాకు నేను సర్దిచెప్పుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాను. తినగలిగాను కూడా.

రెండు దాటాక కింద గేటు చప్పుడైంది. తొంగి చూస్తే కంబగిరి సామి. చంకలో చుట్టిన చాప, చేతిలో చెంబు. ఆ ఎండలో ఊరి ఆ కొసనుంచి నడిచి వచ్చినట్టున్నాడు. గబగబా దిగాను.

“ఒక వాటా ఖాళీ అయిందంట కదా,” అన్నాడు. “నాకు బాడుగకియ్యి.”

నాకు పట్టరాని ఆనందం. గురువు నా ఇంట్లో కాపురముంటానంటున్నాడు. ఇంతకంటే ఏం కావాలి? కుళ్ళాయప్ప వాటా తలుపు తెరిచి, “మీకు బాడుగేంది సామీ, ఈ ఇల్లే మీది” అన్నాను.

“ఊరికే వద్దు. అందరికీ ఎట్లనో నాకూ అట్లనే. కాగితం రాసుకుంటావంట కదా, తీసుకురా.”

అవును, రాయించుకునేవాణ్ణి. పన్నెండు షరతులు. దాన్ని తయారు చెయ్యడానికి నాలుగు రోజులు కూర్చున్నాను. సరదాకే అడుగుతున్నాడనుకుని పైకి పోయి ఒక కాగితం, పెన్ను తెచ్చాను. సామి మంచం ముట్టుకోలేదు. కింద చాప పరుచుకుని కూర్చున్నాడు.

“చదువు.”

చదివాను. గోడలకు మేకులు కొట్టరాదు. నీళ్ళ మోటారు పొద్దున అరగంటే. పైకప్పు మీద మిరపకాయలు ఎండబెట్టరాదు. చుట్టాలొస్తే మూడు రోజులకు మించి ఉండరాదు. చదివే కొద్దీ నా గొంతు నాకే ఎవరిదోలాగా ఉంది. సామి ప్రతిదానికీ తలూపుతూ విన్నాడు.

“అయిపోయినాయా?”

“అయిపోయినాయి సామీ. పన్నెండే.”

“ఇంకోటుంది కదా. పొద్దున నువ్వు కుళ్ళాయప్పకు చెప్పింది. అది కూడా రాసుకో.”

నేను తలెత్తలేదు.

“నాకు ఎనభై మూడు,” అన్నాడు సామి. “ఇప్పుడే రాసుకుంటే మంచిది. తర్వాత మాట రాకూడదు. ఇంట్లో చావరాదు అని రాయి, కింద వేలిముద్ర వేస్తా.”

పెన్ను చేతిలోనే ఉంది.  సామి నా చేతివైపే చూస్తూ కూర్చున్నాడు. ఎగతాళి లేదు ఆ చూపులో. అదే భరించలేకపోయాను.

“రాయలేను సామీ.”

“నోటితో చెప్పగలిగినావు కదా.”

కాగితం అక్కడే పడేసి లేచాను. మోపెడ్ తాళం ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు, చూస్తే జేబులోనే ఉంది. “నేనూ వస్తా” అని సామి వెనక కూర్చున్నాడు. దారంతా ఒకటే మాట నాలో నేను అనుకుంటున్నాను, ఇంకా మించిపోయింది లేదు, ఐదు నిమిషాల్లో పోతాను, ఎత్తుకొచ్చి అదే కిటికీ పక్కన పడుకోబెడతాను, నాలుగు వాటాలూ ఖాళీ అయితే అవనీ అని.

ఆసుపత్రిలో వాళ్ళు మంచమిచ్చి, చుట్టూ తెర కట్టి, చెయ్యగలిగిందంతా చేశారు. నేను పోయేసరికి తెర తీసేసి ఉంది. మొహం మీద దుప్పటి కప్పి ఉంది. సుంకులమ్మ పక్కన నేలమీద కూర్చుని ఉంది. సామి నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

“ఇంతకుముందే పోయినాడు నాయనా,” అంది. “పొద్దున్నుంచీ ఇంటికి పోదాం పా, ఇంటికి పోదాం పా అని ఒకటే మాట. నువ్వొస్తావని చెప్తానే ఉన్నా.”

ఒక విషయం దాచకుండా చెప్తాను. ఆ మాట విన్న నా మనసు మొట్టమొదట గోడ గడియారం చూసింది. పంచకం రేపు పొద్దున కదా, ఇంకా రానేలేదు, ఇంట్లో పోయినా ఏమీ మూయనక్కర్లేదు కదా అనుకుంది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. నాలాంటివాడికి ఏడుపు కూడా వరసలో రెండోదే.

ఆమె పక్కన కూలబడ్డాను. “అమ్మా, ఇంటికి తీసుకుపోదాం,” అన్నాను. “కింద కాదు, పైన మా ఇంట్లోనే, మా హాల్లోనే పడుకోబెడతాను. పంచకమైనా ఏదైనా నేను చూసుకుంటాను. ఎవరేమన్నా సరే. నేనే మోసుకొస్తాను.”

సుంకులమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

“ఆయన పోదామన్నది ప్రాణముండగా నాయనా,” అంది.

ఆసుపత్రి నుంచే నేరుగా తీసుకుపోయారు. ఆమె అక్క కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. నేను పాడెకు ఒక పక్క భుజం పట్టాను. రెండోపక్క కొంతదూరం కంబగిరి సామి పట్టాడు, ఆ వయసులో. 

సుంకులమ్మ మళ్ళీ నా గడప తొక్కలేదు. సామాన్ల కోసం ఆ కుర్రాణ్ణే పంపింది. అక్క కొడుకు ఇంట్లోనే ఉండిపోయిందని తర్వాత విన్నాను. పోయి చూడాలని రెండుసార్లు ఆ వీధి మొదటి దాకా పోయాను, రెండుసార్లూ తిరిగొచ్చాను.

పన్నెండు షరతుల కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాను. అదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. కాగితాలు కాలితే ఎవరికేం లాభం?

కర్మ అయిపోయిన మరుసటి రోజు సామి దగ్గరికి పోయాను. అంతకుముందు నేను పోతే గొంతెత్తి పాడేవాణ్ణి. ఆ రోజు పాట రాలేదు. సామి ఒక పసివాడి మంచానికి నవారు బిగిస్తున్నాడు. నేను అరుగు కింద, చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. 

చివరికి అడిగేశాను.

“సామీ, నాకొక మాట చెప్పండి. ఏదైనా సరే. దాన్ని పట్టుకుని బతుకుతాను.”

సామి నవారు గట్టిగా లాగి, ముడేసి, కొస తుంచి నావైపు చూశాడు.

“ఆసుపత్రిలో సుంకులమ్మ చెప్పింది కదరా,” అన్నాడు.