దివాన్‌గారి రెండో తెర

ఇందులో ఆవగింజంత అబద్ధమున్నా నా పళ్ళన్నీ రాలిపోవాలి. మిగిలినవి రెండే అనుకో!

పూర్వం ఓ రాజ్యంలో దివాన్‌గారి కచేరీలో ఏనుగంత పాత కంప్యూటరుండేది. కాలవకి నీళ్ళు వదలమని రైతులు కిటికీ బయట నిలబడితే, "కంప్యూటరు లెక్క చూస్తోంది, ఆగండి!" అనేవాడాయన. ఆగి ఆగి జనానికి గడ్డాలు మోకాళ్ళకు దిగాయి. మోటార్లు బాగుచేసే నూకాలు మిరపతోట కూడా ఎండుముఖం పట్టింది.

ఓరోజు దివాన్‌గారు దర్జా కోసం రెండో మానిటరు తెప్పించి, తగిలించమని ఆ నూకాలునే పిలిచాడు. ఆమె రెండు కొమ్మల వైరొకటి తగిలించి, కొత్త తెరని కిటికీ వైపు తిప్పింది.

"తమరి కష్టం జనం కళ్ళారా చూడొద్దా దొరా?" అంటే మురిసిపోయాడు.

మర్నాడు ఆ తెర నిండా పేకముక్కలు! "ఆ రాణిని రాజు మీద పెట్టండి దొరా!" అని బయట జనం ఒకటే అరుపులు.

"నా ఆట బయటికెందుకు చూపించావే?" అని దివాన్‌గారు చిందులేశాడు.

"పాత పెట్టె కదా దొరా! లోపలొకటీ బయటొకటీ చూపించడం తమరికొచ్చినట్టు దానికి రాదు," అంది నూకాలు, ఉన్నచోటు నుంచి కదలకుండా. "పీకెయ్యమంటే పీకేస్తా. ఎందుకు పీకించారో మాత్రం జనానికి తమరే చెప్పుకోండి."

దివాన్‌గారు నీళ్ళు వదిలేస్తే సాయంత్రానికి కాలవ సముద్రమై పొంగింది. నూకాలు తోటలో మిరపకాయలు ఇప్పటికీ అరటిపళ్ళంత కాస్తాయి. నమ్మవూ? అయితే బుట్ట పట్టుకెళ్ళి ఒక్కటి కోసుకురా, ఇంటిల్లిపాదికీ పచ్చడి నూరాలి.