తద్దినం నాటి జావ

అనగా అనగా, సముద్రాలకు అవతల వియత్నాం అని ఒక దేశం. అక్కడివాళ్ళూ మనలాగే వరి పండిస్తారట, అన్నమే తింటారట. పోయిన పెద్దలకు ఇంట్లోనే ఒక పీట అమర్చి, అగరొత్తి వెలిగించి, వండినవన్నీ ముందు వాళ్ళకే పెడతారట. ఒత్తి కాలేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. ఎంత చక్కని ఆచారమో చూడండి.

ఆ దేశంలో ఒక ముసలమ్మ. ఆమెకు ఖాంగ్, లోక్ అని ఇద్దరు కొడుకులు, దియెప్ అని ఒక కూతురు. భర్త పోయాక ఆమె, ఆయన పీటతో సహా, కొడుకుల ఇళ్ళలో వంతులవారీగా ఉంటూ చిక్కి సగమైంది. కోడళ్ళు ఏం వడ్డించినా ముక్కలన్నీ మనవల గిన్నెల్లో వేసేది. అమ్మకు నాన్న మీద బెంగ, అందుకే ముద్ద దిగదని కొడుకులు ఊరంతా గొప్పగా చెప్పుకునేవారు.

ఇట్లాగే ఉంటే అమ్మ దక్కదని దియెప్‌కు భయం పట్టుకుంది. నాతో పంపండి అని అడిగింది. పెద్దల పీట ఎక్కడో అమ్మ అక్కడే, పీట కొడుకులదే అన్నారు అన్నలు.

ముసలమ్మ విన్నది. ఈసారి తద్దినానికి ముగ్గురూ వండి తెండి, పీట ఎవరింటికో అప్పుడు చెబుతానన్నది.

ఖాంగ్ నిండు కోడిపుంజును ఉడికించి, అక్కడి వాడుక ప్రకారం దాని ముక్కున ఎర్ర గులాబీ పెట్టి తెచ్చాడు. లోక్ ఎండు వెదురు మొలకల పులుసు తెచ్చాడు. దియెప్ ముళ్ళు ఏరి మెదిపిన చేపల జావ తెచ్చింది.

లోక్‌కు నవ్వొచ్చింది. "చెల్లీ, నాన్నకు తద్దినమా, జ్వరమా?"

దియెప్ మెల్లగా చెప్పింది. "అమ్మకు నమిలే పళ్ళు లేవు అన్నయ్యా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, మీరు చూడలేదు. నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మ గిన్నె పట్టకుండా తాను తిన్నాడా? అమ్మ తినలేనిది ఆయన మాత్రం ఎట్లా తింటాడు?"

ఒత్తి కాలింది. అక్కడ చిన్నవాళ్ళు పెద్దల్ని పిలిచాకే తినాలి. "అమ్మా, తిను," అన్నది దియెప్.

ముసలమ్మ ఒక గిన్నె తాగింది. ఇంకొకటి తాగింది. మూడోది తానే అడిగింది.

ఆమె తీర్పు చెప్పేదాకా ఖాంగ్ ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, పీటను రెండు చేతులా ఎత్తుకుని, చెల్లెలి ఇంటివైపు తిరిగాడు.

"అమ్మను ముందు నడవనీండి," అన్నాడు. "నాన్న వెనకే వస్తాడు."

పోయినవారికి పళ్ళెం పెట్టేముందు, ఉన్నవారి నోరు చూడాలి నాయనలారా.