ఆంబ్రోస్ పాడకుండా ఆపిన మాట

ఎన్ని చలికాలాలు గడిచాయో లెక్క చెప్పగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అంత పాత రోజుల్లో, కెనడా అనే మంచు దేశంలో, ఒక నది ఒడ్డున, చెట్లు కొట్టే కూలీల బస ఉండేది. గొడ్డలి పట్టేవాళ్ళు నలభైమంది. వండేవాళ్ళు ఇద్దరు. గిన్నెలు కడిగేవాడు ఒక్కడు. ఆ ఒక్కడి పేరు ఆంబ్రోస్.

ఎప్పుడో దుంగ మీదపడి అతని ఎడమచెయ్యి వంకరపోయింది. గొడ్డలి ఎత్తలేడు. ఇంకో బసకు వెళితే పని దొరకదు. అందుకని గిన్నెలు కడిగేవాడు. చేతులు నీళ్ళలో ఉంటే నోరు ఖాళీయే కదా, పాటలు కట్టేవాడు. ఆంబ్రోస్ కడిగేది గిన్నెలు, కట్టేది పాటలు.

ఆ అడవిలో చనిపోయినవాడికి రాయి పాతేవారు కాదు. పాట కట్టేవారు. చెట్టు కూలి పోయినవాడికి ఒక పాట. నీళ్ళలో పోయినవాడికి ఒక పాట. జ్వరంతో పోయినవాడికి ఒక పాట. మంచు కరగ్గానే కూలీలు ఆ పాటల్ని తమ ఊళ్ళకు పట్టుకుపోయేవారు. పాటలో ఏముంటే ఊళ్ళో అదే నిజం.

ఒక ఏడాది చలికాలం చివర్లో, ఆంబ్రోస్ పొద్దున్నే నీళ్ళకు నది దగ్గరికి వెళ్ళాడు. ఒడ్డున గుర్రపుబండి తోలే ఫిన్లే, మేస్త్రీ గిల్లిస్ మాట్లాడుకుంటున్నారు. గడ్డకట్టిన నది మీది మంచు నల్లబడిందని, అంటే అడుగున కరిగిపోయిందని, చుట్టుదారిన పోతానని ఫిన్లే అన్నాడు. చుట్టుదారిన పోతే రోజంతా పోతుందని గిల్లిస్ అన్నాడు.

"భయమైతే పగ్గాలు ఇంకొకడికియ్యి. నువ్వు వంటింట్లో ఆంబ్రోస్ పక్కన కూర్చుని గిన్నెలు తోముకో" అన్నాడు.

ఫిన్లే ముఖం ఎర్రబడింది. బండి మంచు మీదికి తోలాడు. సగం దూరం పోయేసరికి మంచు విరిగింది. రెండు గుర్రాలూ పోయాయి, ఫిన్లే పోయాడు. ఆ మాటలు విన్నవాడు ఆంబ్రోస్ ఒక్కడే.

మొదటి రోజు గిల్లిస్ వంటింట్లోకి వచ్చి, కొత్త ఉన్ని చేతితొడుగులు ఇచ్చాడు. రెండో రోజు వచ్చి, ఇకనుంచి పొయ్యి పక్కనే పడుకోమన్నాడు. మూడో రోజు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తాను వద్దంటున్నా ఫిన్లే వినలేదని, పాపం దుడుకువాడని, వచ్చే చలికాలం కూడా ఆంబ్రోస్ ఇక్కడే ఉండాలని చెప్పాడు.

ఆంబ్రోస్ తన వంకరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత పాట కట్టాడు. అన్నీ కట్టాడు. ఫిన్లే నవ్వు, గుర్రాల పేర్లు, నీళ్ళ చప్పుడు. చివరి వరుస ఇలా కట్టాడు: "వద్దన్న మాట వినలేదు ఫిన్లే, నల్లటి మంచు మీదికి తానే వెళ్ళాడు."

అది విని నలభైమందీ ఏడ్చారు. ఆంబ్రోస్ అంత మంచి పాట అంతకు ముందు కట్టలేదు. అందంగా చెప్పిన అబద్ధం ఎక్కువ దూరం పోతుంది. ఆ పాటా అలాగే పోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, కూలీలు బట్టలు ఉతుక్కునే వేళ, ఒక ముసలమ్మ రెండు రోజులు మంచులో నడిచి బసకు వచ్చింది. ఆమె ఫిన్లే తల్లి మోరాగ్. గిన్నెల తొట్టి దగ్గర ఆంబ్రోస్ ఎదురుగా కూర్చుంది.

"మా ఊళ్ళో పిల్లలు మాట వినకపోతే, ఫిన్లేలా తయారవుతావురా అంటున్నారు. నా కొడుకు దుడుకువాడు కాదు నాయనా. ఆ రోజు ఏం జరిగింది?"

ఆంబ్రోస్ పాట చివరి వరుస ఎత్తుకున్నాడు.

"పాడకు. చెప్పు" అంది మోరాగ్.

ఆంబ్రోస్ తాను ఆ పాట కట్టడానికి ఎన్ని రోజులు పట్టిందో, విని ఎంతమంది ఏడ్చారో చెప్పాడు. తర్వాత మళ్ళీ అదే వరుస ఎత్తుకున్నాడు.

"పాడకు. చెప్పు."

మూడోసారి ఎత్తుకోబోయాడు.

"పాడకు నాయనా. చెప్పు."

రాగంలో సాఫీగా జారిన మాట, రాగం తీసేస్తే గొంతుకు అడ్డం పడింది. ఆంబ్రోస్ చేతులు తుడుచుకున్నాడు. అవతలి గదిలోకి నడిచాడు. నలభైమందీ అక్కడే ఉన్నారు, గిల్లిస్ కూడా ఉన్నాడు. ఆంబ్రోస్‌ను చూడగానే ఒకడు, గిన్నెల మహారాజు వచ్చాడు, ఏడవడానికి రుమాళ్ళు తీయండన్నాడు. అందరూ నవ్వారు.

ఆంబ్రోస్ ఫిన్లే పాట మొదలుపెట్టాడు. నవ్వు పాడాడు, గుర్రాల పేర్లు పాడాడు, నీళ్ళ చప్పుడు పాడాడు. చివరి వరుసకు వచ్చాడు. "వద్దన్న మాట" దాటేశాడు. "నల్లటి మంచు మీదికి" దాకా పాడి ఆగాడు. మిగిలిన మాట పాడలేదు. కుండలో నీళ్ళున్నాయా అని అడిగేంత మామూలు గొంతుతో చెప్పాడు.

"గిల్లిస్ వెళ్ళమన్నాడు. ఫిన్లే వద్దన్నాడు. నేను విన్నాను."

ఫిన్లేకు మర్యాదగా నలభైమందీ టోపీలు తీశారు. గిల్లిస్ నేల చూశాడు. తర్వాత మూట కట్టుకొమ్మని ఆంబ్రోస్‌తో అన్నాడు. ఆంబ్రోస్ గిల్లిస్ ఇచ్చిన చేతితొడుగులు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఒట్టి చేతులతో మోరాగ్ వెంట మంచులోకి నడిచాడు.

ఆ చలికాలం అతనికి ఏ బసలోనూ పని ఇవ్వలేదు. మేస్త్రీలు ఒకరి మాట ఒకరు వింటారు. మోరాగ్ ఇంట్లోనే ఉండి, మూడు చలికాలాల తర్వాత చనిపోయాడు. ఆ మూడు చలికాలాలూ ఆమె గిన్నెలు కడిగాడు, కొత్త పాట ఒక్కటీ కట్టలేదు. అతను చేసింది గొప్ప అనుకోకండి. ఏడాది ఆలస్యంగా చేసిన పని అది. ఆ సంగతి అతనికీ తెలుసు.

కానీ అతను పోయినప్పుడు నలభైమందిలో కొందరు వచ్చారు. ఆంబ్రోస్ మీద ఒక పాట కట్టి పాడారు. చివరి మాట దగ్గర, ఎవరూ అనుకోకుండానే, అందరూ పాట ఆపి ఆ మాట ఊరికే చెప్పారు.

ఆ నది ఒడ్డున ఈ రోజుకీ అంతే. చిన్నవాడు పాడినా, పెద్దవాడు పాడినా, పేరున్నవాడు పాడినా, చివరి మాట పాడరు, చెబుతారు. ఎవరైనా మరిచిపోయి అదీ పాడేస్తే చప్పట్లు పడవు. ఒక ముసలామె నెమ్మదిగా, ఇప్పుడు చెప్పు నాయనా అంటుంది. చెప్పేటప్పుడు గొంతు తడబడిందా, ఎంత మంచి పాటైనా సరే, దాన్ని అక్కడ ఎవరూ నేర్చుకోరు.